అందరూ బాగున్నాయన్నారు

అత్తగారి చెప్పుల చప్పుడు ఎప్పుడూ కోడలు తన గది తలుపు తీశాకే మొదలయ్యేది. గడియ కిర్రుమనేది, కాసేపు ఏ అలికిడీ ఉండేది కాదు, ఆ తర్వాత వంటింటి వైపు నుంచి టప్ టప్ మని మెత్తటి అడుగులు వినిపించేవి. ఆ చప్పుడు వింటే కోడలికి కడుపు నిండినట్టుండేది. తను గీసిన చెప్పులు, మామగారు కుట్టిన చెప్పులు, అత్తగారి కాళ్ళకి. ఇంతకంటే ఏం కావాలి? ఆ పొద్దున మాత్రం, ఎందుకో, గడియకీ అడుగులకీ మధ్య ఉన్న నిశ్శబ్దం ఆమె చెవిన పడింది.

"లేచావా తల్లీ?" అంది అత్తగారు వంటింటి గట్టు పట్టుకుని నిలబడి. "నువ్వొచ్చి టీ పెడతావని చూస్తున్నా."

"కాళ్ళెలా ఉన్నాయి అత్తయ్యా?"

"భేషుగ్గా ఉన్నాయి. నీ చెప్పులుండగా నాకేం?"

కోడలు టీ పెట్టి అందరికీ ఇచ్చింది. అత్తగారు ఒక గుక్క తాగి, "బాగుంది" అంది. మామగారు తాగి బాగుందన్నారు. భర్త నిద్రకళ్ళతోనే తాగి బాగుందన్నాడు. ఆ ఇంట్లో అన్నీ బాగుండేవి. కూర మాడినా బాగుండేది, గోడకి వేసిన రంగు వెలిసిపోయినా బాగుండేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో కోడలు పుట్టింటికి ఫోన్ చేసి, "ఇక్కడ నన్నెవరూ ఒక్క మాట అనరమ్మా" అని మురిసిపోయింది. ఒక్క మాట కూడా అనని ఇంట్లో మనిషి ఎంత జాగ్రత్తగా ఉండాలో అప్పటికి ఆమెకి తెలియదు.

గ్లాసులు తీసుకుని హాల్లోంచి వెళ్ళాలంటే పక్కకి తిరిగి నడవాల్సొస్తోంది. గోడ వారగా మొదలైన అట్టపెట్టెలు సోఫాని మింగేసి, కిటికీ సగం దాకా ఎక్కాయి. పగలు కూడా లైటు వేసుకుంటున్నారు. కొత్త రబ్బరు వాసన ఇల్లంతా పట్టేసింది, దుప్పట్లు ఉతికినా వదలడం లేదు. "ఎంతలే, కాస్త ఓపిక పడితే అన్నీ బయటికెళ్ళిపోతాయి" అని భర్త ఎవరూ అడక్కుండానే అంటుంటాడు. ఆ మాట అన్నప్పుడు పెట్టెల వంక మాత్రం చూడడు.

ఇదంతా అత్తగారి మడమ నొప్పితో మొదలైంది. కోడలు ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తుంది. టోకెన్లిచ్చి, ఎవరెప్పుడు లోపలికెళ్ళాలో చెప్పేది ఆమే కాబట్టి పేషెంట్లంతా ఆమెని టోకెనమ్మ అంటారు. మామగారు బజారులో చిన్న దుకాణంలో కొలతలు తీసుకుని బూట్లు, చెప్పులు కుడతారు. వీధిలో అందరికీ ఆయన మేస్త్రిగారు. రోజూ కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చేవాళ్ళని చూసీ చూసీ కోడలు ఒక చెప్పు బొమ్మ గీసింది. మడమ కింద మందంగా మెత్త, వేళ్ళ మీద వెడల్పాటి పట్టీ, జారిపోకుండా వెనక మరో పట్టీ. మామగారు ఒక జత కుట్టిచ్చారు. కోడలు నేల మీద కూర్చుని అత్తగారి కాళ్ళకి తొడిగి, తలెత్తి, "బాగున్నాయా?" అని అడిగింది. అత్తగారు హాల్లో అటూ ఇటూ నడిచి, "దూది మీద అడుగేసినట్టుందే!" అంది. ఆ రోజు కోడలి కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ జత పట్టుకుని క్లినిక్‌కి వెళ్ళింది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరికీ చూపించి, "ఇలాంటివి షాపులో దొరికితే కొంటారా?" అని అడిగింది. ఒకావిడ మెత్తని నొక్కి చూసి, "బంగారంలా ఉన్నాయమ్మా, తప్పకుండా కొంటా" అంది. పక్కావిడ అది విని తనూ కొంటానంది. మోకాలికి పట్టీ కట్టుకున్న పెద్దాయన, "ఎందుకు కొనను టోకెనమ్మా, రెండు జతలు కొంటా" అని, "ఇంతకీ నా నంబరు ఎప్పుడొస్తుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. ఆ వారమంతా అడుగుతూనే ఉంది, ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు. బంధువుల ఫోన్ గ్రూపులో ఫొటో పెడితే బొటనవేళ్ళు, చప్పట్లు, పూలు వరసకట్టాయి.

వద్దన్నది ఒక్క ఆడపడుచే. ఊరికి అవతలి కొసన ఉంటుంది, పుట్టింట్లో ఆమె పేరు మిరపకాయ. "నేనైతే కొనను వదినా. కాళ్ళు బాగున్నవాళ్ళు ఇంత బండ చెప్పులు ఎందుకేసుకుంటారు?" అంది ఫోన్లో. "దాని సంగతి తెలిసిందేగా, అది దేనికీ అవుననదు" అని ఇంటిల్లిపాదీ నవ్వేసి ఊరుకున్నారు. మామగారు దుకాణం తాకట్టు పెట్టి, చెప్పుల అడుగులు అచ్చుపోసే యంత్రం తెచ్చారు. కొలతలిచ్చి కుట్టించుకునే పాతవాళ్ళని, "కొన్నాళ్ళు ఇంకో చోట చూసుకోండి" అని పంపించేశారు. చెప్పులు అమ్ముడుపోతే దుకాణం ఉంటుంది. లేకపోతే, పెళ్ళి కాకముందు నుంచీ ఆయన కూర్చుంటున్న ఆ గది పరాయివాళ్ళదవుతుంది. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

టీలు అయ్యాక అత్తగారు స్నానానికి వెళ్ళింది. కోడలు వంటిల్లు ఊడుస్తూ, గుమ్మం పక్కన విడిచిన ఆమె చెప్పుల్ని జరపబోయి, ఒకదాన్ని తిరగేసింది. అడుగున గీతలు కొత్త దువ్వెన పళ్ళలా నిటారుగా ఉన్నాయి. రోజూ తొడిగే చెప్పుకి మడమ బయటి అంచు ముందుగా అరుగుతుందని మామగారే ఆమెకి చెప్పారు. ఈ అంచు ఎక్కడా అరగలేదు. ఎండాకాలం మొదట్లో ఇచ్చిన జత ఇది. ఇప్పుడు బయట వాన పడుతోంది.

"ఇంట్లోనేగా నడిచేది, అరగవులే" అని తనకి తనే చెప్పుకుంది. చెప్పుని ఉన్నచోటే పెట్టేసింది. చేతులు కడుక్కున్నాక కూడా వేళ్ళకి ఏదో అంటుకున్నట్టే అనిపించింది.

క్లినిక్‌లో వ్యాయామాల గదిలోకి చెప్పులతో వెళ్ళనివ్వరు. గుమ్మం పక్కన ఉన్న అరల్లో విడిచి వెళ్ళాలి. ఆ అరలకి ఎదురుగానే కోడలి కుర్చీ. ఇన్నాళ్ళూ కళ్ళెదురుగా ఉన్నదాన్ని ఆ రోజే చూసిందామె. పలచటివి ఉన్నాయి, తాళ్ళవి ఉన్నాయి, చవకవి ఉన్నాయి, మడమ దగ్గర చిల్లుపడ్డవి కూడా ఉన్నాయి. తమ చెప్పులు ఒక్క జతైనా లేవు.

ఆ రోజు బంగారంలా ఉన్నాయన్న ఆవిడ గొడుగు దులుపుకుంటూ వచ్చింది.

"ఏవండీ, మన చెప్పులు తీసుకున్నారా?" అని అడిగింది కోడలు.

"అయ్యో, తీసుకోవాలమ్మా! ఈ నెల కుదర్లేదు. బాగుంటాయి, చాలా బాగుంటాయి." నోరు చెప్పుల గురించి మాట్లాడుతోంది, కళ్ళు మాత్రం టోకెన్ల కట్ట మీదున్నాయి.

పెద్దాయన అయితే అడక్కముందే అందుకున్నాడు. "రెండు జతలన్నాగా టోకెనమ్మా, మాటంటే మాటే."

"కొన్నారా మరి?"

"కొంటా, కొంటా. నన్ను కాస్త ముందు పంపిస్తావా? బయట ఆటో ఆపాను."

వీళ్ళెవరూ అబద్ధాలకోరులు కాదు. అడిగిన పూట నిజంగా కొనాలనే అనుకుని ఉంటారు. కానీ ఎవరు ముందు వెళ్ళాలో తేల్చే మనిషి ఎదురుగా నిలబడి, చేతిలో చెప్పు పట్టుకుని, నవ్వుతూ అడిగితే మొహమాటానికైనా ఎవరు కాదంటారు? కొంటానంటే పోయేదేముంది? ఆమె అరల వంక మళ్ళీ చూసింది. అవి ఆమెనే చూస్తున్నట్టుంది.

మధ్యాహ్నం కాకుండానే భర్త ఫోన్ చేశాడు. "షాపాయన నిన్ను కూడా తీసుకుని రమ్మన్నాడు. గొంతు ఏం బాగాలేదు." క్లినిక్‌లో సగం రోజు సెలవు చెప్పి బయల్దేరింది.

షాపాయనది మెయిన్ రోడ్డు మీద పెద్ద చెప్పుల షాపు. వీళ్ళ సరుకులో మొదటి సగం ఆయనే తీసుకున్నాడు, అమ్ముడుపోకపోతే వెనక్కిచ్చే ఒప్పందం మీద. ఇద్దరినీ కూర్చోమన్నాడు. వాళ్ళ చెప్పులు షాపు చివర, మెట్ల కింద చీకట్లో కనిపించాయి.

"నిన్ననడానికేం లేదమ్మా. నేనూ బోల్తా పడ్డాను. నువ్వు తెచ్చిన జత మా అమ్మకిచ్చా. బ్రహ్మాండం అంది. ఇంకేం కావాలి అనుకున్నా."

"మరి ఎందుకు పోవట్లేదండీ? నేను అంతమందిని అడిగాను."

"ఎక్కడడిగావు?"

"మా క్లినిక్‌లో."

ఆయన నవ్వలేదు. లేచి వాళ్ళని అద్దాల తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. బయట వానలో జనం పోతున్నారు. ఒకమ్మాయి బస్సు వెంట పరిగెడుతోంది. ఒకడు భుజాన సంచీతో నీళ్ళ గుంట దూకాడు. ఒకావిడ పిల్లని ఎత్తుకుని, ఇంకో చేత్తో కూరగాయల సంచీ మోస్తోంది.

"నా షాపులోకొచ్చేది వీళ్ళు. వీళ్ళకి కాళ్ళ నొప్పులు లేవు. ఉన్నవాళ్ళు కూడా నలుగురిలో ఉన్నాయని ఒప్పుకోరు. నువ్వడిగినవాళ్ళా? వాళ్ళు నా షాపు దాకా నడవలేకే అక్కడ కూర్చున్నారు." ఆయన గొంతు తగ్గించాడు. "సరుకు ఎల్లుండి పొద్దున పంపించేస్తా. ఏమనుకోకండి."

భర్త అలవాటు కొద్దీ, "సరేనండి" అన్నాడు. మెట్లు దిగాక గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

"నాన్నకి నేను చెబుతాలే" అన్నాడు చివరికి.

"వద్దు. అడిగింది నేను, నేనే చెబుతా" అంది కోడలు.

ఇల్లు చేరేసరికి వాన వెలిసింది. కోడలు గేటు గొళ్ళెం తీసింది. లోపల ఏ అలికిడీ లేదు. అదే నిశ్శబ్దం. ఇది పొద్దుటి నిశ్శబ్దమే అని ఆమెకి అర్థమయ్యేలోపు, టప్ టప్ మని వినిపించాల్సిన చోట ఏదో ధడేలుమని పడింది. పెట్టెలు ఒకదాని మీదొకటి దొర్లిన చప్పుడు, దాని వెనకే ఒక కేక.

అత్తగారు హాల్లో అట్టపెట్టెల మధ్య పడి ఉంది. ఒక కాలు ఉత్తదే. రెండో కాలికి చెప్పు సగం తొడిగి ఉంది, వెనక పట్టీ ఇంకా చేతిలోనే ఉంది. ముఖం నొప్పితో పాలిపోయింది. కోడల్ని చూడగానే ఆమె అన్న మొదటి మాట, "ఏం లేదు తల్లీ, కాలు జారింది. నీ చెప్పుల తప్పు కాదు."

చీలమండ ఎముక చిట్లిందన్నారు డాక్టరు. పిండికట్టు వేసి పంపించారు. మర్నాడు మధ్యాహ్నం మిరపకాయ వచ్చింది. తల్లి మంచం పక్కన కూర్చుని కాసేపు కట్టు వంక చూసింది. తర్వాత మంచం కిందికి వంగి ఆ చెప్పుల జత బయటికి తీసి నేల మీద పడేసింది.

"వీటినింకా ఇక్కడే పెట్టారేంటి?"

"మీ అమ్మకి అలవాటయ్యాయని..." అంది కోడలు.

"అలవాటా! వదినా, మా అమ్మ ఎలా పడిందో నీకు తెలుసా?"

"కాలు జారి."

"కాలు జారి కాదు. నీ గేటు చప్పుడు విని."

"ఊరుకోవే!" అంది అత్తగారు, లేవబోయి నొప్పితో మళ్ళీ వాలిపోయి.

"ఊరుకోను. అందరూ ఊరుకునే ఇంతదాకా తెచ్చారు. నువ్వు గుమ్మం దాటగానే ఇవి తీసేస్తుంది వదినా. వచ్చే వేళకి మళ్ళీ వేసుకుంటుంది. పొద్దున నీ గది గడియ తీసినప్పుడూ ఇదే తంతు. నిన్న నువ్వు ముందే వచ్చేశావు. హడావిడిగా తగిలించుకోబోయి పడింది. నాకు ఎప్పుడో చెప్పింది, నీకు చెప్పనని ఒట్టేయించుకుంది."

"సరేలే, ఇప్పుడవన్నీ ఎందుకు..." అన్నాడు భర్త.

"నీకు సరే తప్ప ఇంకో మాట రాదా అన్నయ్యా?"

కోడలు అత్తగారి వంక చూసింది. "నిజమా అత్తయ్యా?" అత్తగారు కళ్ళు దించుకుంది. తిరగేసిన చెప్పు, దువ్వెన పళ్ళలాంటి గీతలు కోడలి కళ్ళ ముందు మెదిలాయి. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి ఆమె గొంతు లేచింది.

"ఒక్క మాట! ఒక్క మాట చెప్పుంటే దుకాణం మిగిలేది కదా అత్తయ్యా! సరుకంతా వెనక్కొస్తోంది. రేపు పొద్దున లారీ వస్తుంది. మామయ్య దుకాణం పోయింది. నా మాట మీద పోయింది. మీకు నచ్చలేదని నాకెందుకు చెప్పలేదు?"

గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి తలుపు రెక్కని పట్టుకుంది.

"ఎలా చెప్పనే?" అత్తగారు ఏడుస్తోంది. "నా కడుపున పుట్టినవాళ్ళు కూడా నా కాళ్ళ వంక చూడలేదు. నువ్వు చూశావు. నేల మీద కూర్చుని నీ చేత్తో తొడిగావు. తలెత్తి, బాగున్నాయా అని అడిగావు. ఆ ముఖం చూసి కాదని ఎలా అనమంటావు?"

"నేనూ అంతే" అన్నారు మామగారు. అందరూ ఆయన వైపు తిరిగారు. "మీ అత్తయ్య మొదటిరోజు నడిచినప్పుడే చూశా. కుడికాలు ఎత్తెత్తి వేస్తోంది. ఇన్నాళ్ళు చెప్పులు కుట్టినవాణ్ణి, నాకు తెలియదా? కొత్తవి కదా, సర్దుకుంటాయిలే అనుకున్నా. అలా అనుకోవాలనిపించింది." అంతే అని, హాల్లోకి వెళ్ళి ఒక పెట్టె మీద కూర్చున్నారు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు గానీ కిటికీ కనబడటం లేదు.

కోడలు అక్కడే నేల మీద కూలబడింది. కోపం వచ్చినంత వేగంగానే పోయింది, దాని స్థానంలో సిగ్గు వచ్చింది. క్లినిక్‌లో, ఫోన్లో, ఈ ఇంట్లో, తను అడిగిన వాళ్ళందరూ తనని ఇష్టపడేవాళ్ళో, తనతో పని ఉన్నవాళ్ళో. తను అడిగింది చెప్పుల గురించి కానే కాదు. నన్ను మెచ్చుకోండి అని అడిగింది. అందరూ మెచ్చుకున్నారు. కాదన్న ఒక్క మనిషినీ చూసి నవ్వింది.

"నన్ను క్షమించు" అంది ఆడపడుచుతో. "నువ్వు ఆ రోజే చెప్పావు."

"క్షమాపణలేంటి వదినా. నేనూ గట్టిగా చెప్పాల్సింది. నా మాట ఎవరు వింటార్లే అని ఫోన్ పెట్టేశా." మిరపకాయ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

కాసేపటికి కోడలు జరిగి అత్తగారి రెండో కాలు, కట్టు లేని కాలు, ఒళ్ళోకి తీసుకుంది. "అత్తయ్యా, బాగున్నాయా అని ఇంక అడగను. ఎక్కడ ఒత్తుకుంటుందో చెప్పండి."

అత్తగారు కూతురి వంక, కొడుకు వంక చూసింది. ఎవరూ అడ్డురాలేదు.

"చిటికెన వేలి దగ్గర" అంది మెల్లగా.

"ఇంకా?"

"బరువు. కాలు ఈడ్చుకోవాల్సొస్తుంది."

"ఇంకా చెప్పండి."

"ఆ వెనక పట్టీ ఒకటి. దాన్ని వంగి తగిలించుకోవాలి. కాళ్ళ నొప్పులు, నడుము నొప్పులు ఉన్నదాన్ని, నేనెలా వంగుతానే?"

కోడలు నేల మీద పడున్న చెప్పుల పట్టీ వంక చూసింది. వంగలేనివాళ్ళ కోసం వంగి తగిలించుకునే చెప్పులు చేసింది. అంతమందిని అడిగింది, ఒక్కరినీ తొడుక్కుని చూడమని అడగలేదు. క్లినిక్‌లో అందరూ చేత్తో పట్టుకుని నొక్కి చూసినవాళ్ళే.

"ఇంకేమైనా ఉందా అత్తయ్యా?"

అత్తగారు చెప్పాలా వద్దా అన్నట్టు దుప్పటి అంచు నలిపింది. "నువ్వు పెట్టే టీలో చక్కెర ఎక్కువ."

మిరపకాయ పకపకా నవ్వింది. "నాక్కూడా" అన్నాడు భర్త, భయం భయంగా. హాల్లోంచి మామగారి గొంతు వచ్చింది. "నేనైతే నోట్లో పెట్టుకోలేను." కోడలు నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపయి, అత్తగారి మోకాలి మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు ఆమె జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

మామగారు మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చారు. "నెలాఖరుకి దుకాణం ఖాళీ చేద్దాం" అన్నారు. "చెప్పులు కుట్టే నా చెక్క అచ్చులు తెచ్చుకుంటా. పాతవాళ్ళు వస్తే ఇక్కడే కూర్చుని కుడతా. హాల్లో చోటుంటే." పెట్టెల వైపు చూసి ఆగిపోయారు. పోనీలే అని ఈసారి ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున కోడలు గది తలుపు తీసినప్పుడు ఏ అడుగుల చప్పుడూ రాలేదు. గేటు ముందు లారీ ఆగి ఉంది. కూలీలు పెట్టెలు దింపుతున్నారు, ఎక్కడ పెట్టమంటారని అడుగుతున్నారు. ఎక్కడ పెట్టాలో భర్తకి కూడా తెలియక వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఒక్కో పెట్టె నేలకి తాకినప్పుడల్లా గోడలు అదిరినట్టుంది.

కోడలు టీ పెట్టి అత్తగారి మంచం దగ్గరికి తెచ్చింది. మామగారు కూడా అక్కడే ఉన్నారు. అత్తగారు ఒక గుక్క తాగింది. ఇద్దరూ ఆమె ముఖం వంకే చూస్తున్నారు.

"ఊహూ" అంది అత్తగారు తల అడ్డంగా ఊపుతూ. "ఇంకా కొంచెం తగ్గించాలి."

కోడలు కళ్ళు తుడుచుకుని, గ్లాసు తీసుకుని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది.